రాళ్ల మామయ్యకు పూచీ

నరసరావుపేటలో నన్ను సొంత పేరు పెట్టి పిలిచేవాళ్లు బ్యాంకులోనూ ఆసుపత్రిలోనూ తప్ప ఇంకెక్కడా లేరు. మిగతా ఊరందరికీ నేను రాళ్ల మామయ్యనే. తోపుడు బండి మీద కూరగాయలు అమ్మే ఆమె "రాళ్ల మామయ్యా, దోసకాయలు చేదు లేవు, తీసుకో" అంటుంది. ఆటో అబ్బాయికి ఇంటి గుర్తులేవీ చెప్పనక్కర్లేదు. నిజానికి మామయ్య అనిపించుకోవడానికి నాకు మేనకోడళ్లూ మేనల్లుళ్లూ ఎవరూ లేరు. ఉన్నది ఒక్క అక్క. ఆమెకు పిల్లలు కలగలేదు. బావ పోయినప్పటి నుంచీ నా దగ్గరే ఉంటోంది.

ఈ పేరు నేను పెట్టుకున్నది కాదు. నాకో స్నేహితుడున్నాడు. ఉన్నాడు అనాలో ఉండేవాడు అనాలో ఇంకా తేలలేదు కాబట్టి ప్రస్తుతానికి ఉన్నాడనే రాస్తాను. కారంపూడి బళ్లోనూ, తర్వాత మా ఊరి బళ్లోనూ తెలుగు మాస్టారుగా చేశాడు, పిల్లల కథలు రాస్తాడు. ఆ కథలన్నిట్లోనూ ఒకే మామయ్య. ఆయన జేబుల నిండా రాళ్లు. మాచర్ల దారిలో ఏరిన నాపరాయి ముక్క, కృష్ణ ఒడ్డున అరిగి నున్నబడ్డ గులకరాయి, సున్నపు బట్టీ దగ్గర దొరికిన తెల్లరాయి. ఎవరో ఒక పిల్లకో పిల్లాడికో కష్టం వస్తుంది. మామయ్య జేబులోంచి రాయి తీసి దాని కథ చెబుతాడు. పెళ్లి లేదు, ఇల్లు సరిగ్గా ఊడ్చుకోడు, కోపం ముక్కు మీదే ఉంటుంది. పక్కింట్లో రేడియోలు బాగుచేసే బాబాయి ఉంటాడు. రాత్రి ఇద్దరూ కలిసి అన్నం తింటారు. ప్రతి కథా ఆ అన్నం దగ్గర అయిపోతుంది.

ఆ కథలకు బొమ్మలు వేసింది నేను. జిల్లా పరిషత్తు బళ్లలో డ్రాయింగు మాస్టారుగా చేశాను. మనిషి బొమ్మ వెయ్యాలంటే ఎదురుగా మనిషి కూర్చోవాలి. మాలాంటివాళ్లకు అంతసేపు ఎవరు కూర్చుంటారు? గోడకు అద్దం తగిలించి నా మొహమే చూసి వేసుకునేవాణ్ణి. మామయ్యకు నవ్వు కావాలంటే నవ్వేవాణ్ణి, కోపం కావాలంటే కోపం తెచ్చుకునేవాణ్ణి. రెండోదానికి పెద్దగా కష్టపడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అట్లా పుస్తకాలు వరసగా వచ్చేసరికి నా ముక్కు, నా బట్టతల, నా చెవి పక్కన పులిపిరితో సహా మామయ్యవి అయిపోయాయి. పిల్లలు నన్ను రోడ్డు మీద చూసి గుర్తుపట్టడం మొదలుపెట్టారు. నాకు బాగానే ఉండేది.

రిటైరయ్యాక అదే నన్ను నిలబెట్టింది. శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి పంపించేశారు. మర్నాడు పొద్దున లేచి తయారై కూర్చుంటే వెళ్లడానికి ఎక్కడా ఏమీ లేదు. కొన్నాళ్లు పిచ్చెక్కినట్టు తిరిగాను. ఆ తర్వాత ఇంటి ముందు గదిలో ఆదివారం పూట పిల్లలకు బొమ్మలు నేర్పడం పెట్టాను. రాళ్ల మామయ్య నేర్పుతాడట అనేసరికి పిల్లలే వాళ్ల అమ్మానాన్నల వెంటపడి వచ్చేవాళ్లు. గుమ్మం బయట చెప్పులు కుప్పపోసినట్టుండేవి. వారమంతా నేను ఆ ఒక్క పొద్దుట కోసం బతికేవాణ్ణి. ఇది గొప్పకు చెప్పడం లేదు. నాకు వేరే ఏమీ లేదు.

ఒకరోజు మా స్నేహితుణ్ణి ఇంటర్వ్యూ చెయ్యడానికి హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి కెమెరా తీసుకుని వచ్చింది. యూట్యూబులో పెట్టే రకం. వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెనకాల పుస్తకాల బీరువా కనిపించేట్టు కూర్చున్నాడు. ఆ వీడియో పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద పడుకుని చూశాను. కథలు ఎట్లా పుట్టాయి, పల్నాడు యాస ఎందుకు రాశారు, ఇట్లాంటివన్నీ అయ్యాక ఆ అమ్మాయి అడిగింది. రాళ్ల మామయ్య ఎందుకు పెళ్లి చేసుకోలేదండీ అని.

వాడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత అన్నాడు: "ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. మామయ్యకు ఆడవాళ్ల మీద మనసు లేదమ్మా. ఆయనకు ఇష్టమైన మనిషి రేడియో బాబాయి. వాళ్లిద్దరూ ఒక జంట. రాసేటప్పుడే నాకు తెలుసు. పిల్లల పుస్తకం గదా, పైకి చెప్పలేదు. అందులో తప్పేముంది?"

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. నా చేతిలో ఫోను జారి మెడ మీద పడింది.

నాకు ముందుగా వచ్చింది భయం కాదు, సంతోషం. ఎందుకో చెప్పాలంటే గురజాల సంగతి చెప్పాలి. అక్కడ పనిచేసినప్పుడు నేనూ, మా బళ్లో సైన్సు మాస్టారూ ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్లం. పెళ్లికాని ఇద్దరు మాస్టార్లు కలిసి ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు. పైగా ఇంటావిడ పాపం వండిపెట్టే దిక్కు లేదని పచ్చళ్లు పంపేది. ఆయన సాయంత్రాలు చుట్టుపక్కలవాళ్ల రేడియోలు విప్పి బాగుచేస్తుండేవాడు. వంట నాది. మేమిద్దరం ఎట్లా ఉండేవాళ్లమంటే, మొగుడూ పెళ్లాం ఎట్లా ఉంటారో అట్లాగే ఉండేవాళ్లం. ఎక్కువగా కూరలో ఉప్పు గురించి పోట్లాడుకునేవాళ్లం. శనివారం సాయంత్రం మా స్నేహితుడు కారంపూడి నుంచి బస్సెక్కి వచ్చేవాడు. ఆదివారమంతా మాతోనే తిని, పడుకుని, కబుర్లు చెప్పి వెళ్లేవాడు. ఆ ఇంటినే వాడు కథలుగా రాశాడు. నేనూ ఆయనా అది చదివి నవ్వుకున్నాం. వీడికి ఏం తెలుసులే అనుకున్నాం.

ఆ తర్వాత సైన్సు మాస్టారి తల్లి మంచం పట్టింది. నీ పెళ్లి చూడకుండా పోతాను అని రోజూ ఏడుపు. నూజెండ్ల సంబంధం చేసుకున్నాడు. పెళ్లికి వెళ్లాను. బంతిలో సాంబారు వడ్డించాను కూడా. ఆ తర్వాత కలుసుకున్నది బళ్ల మీటింగుల్లోనే. కొన్నేళ్లకు గుండెపోటుతో పోయాడు. ఆ కబురు వచ్చిన రోజు మా అక్క పొయ్యి వెలిగించలేదు. మనింట్లో మనిషి పోతేనే అట్లా చేస్తాం. పక్కింటి నుంచి అన్నం తెప్పించి నా ముందు పెట్టి, తిను అంది. ఎందుకని నేనడగలేదు, ఆమె చెప్పలేదు. ఈ లోకంలో నా సంగతి తెలిసిన మనిషి ఉందంటే ఆమే, అదీ మాట్లాడుకోకుండానే.

కాబట్టి ఆ వీడియో చూసి నేనేమనుకున్నానంటే, వీడికి మొదటి నుంచీ తెలుసన్నమాట. తెలిసీ మా ఇంట్లో తిన్నాడు. తెలిసీ మమ్మల్ని ఆ అన్నం పళ్లేల దగ్గర కూర్చోబెట్టి పిల్లల చేత ప్రేమగా చదివించాడు. మొదటిసారి నా బతుకును ఇంకో మనిషి పక్కనుండి చూసి ఫరవాలేదు అన్నట్టనిపించింది. మంచం మీద ఒక్కణ్ణే కూర్చుని ఏడ్చాను. అక్క వంటింట్లోంచి చూసి వెళ్లిపోయింది.

సంతోషం ఆదివారం దాకా ఉంది. ఆ ఆదివారం గుమ్మం దగ్గర చెప్పులు పలచబడ్డాయి. పెళ్లిళ్లున్నాయేమో, పరీక్షలున్నాయేమో అనుకున్నాను. పై ఆదివారం ఒక్కతే వచ్చింది, పత్తి వ్యాపారి గారమ్మాయి. ఏడో తరగతి, చెయ్యి మంచిది. ఖాళీ గదిలో ఒక్కతే కూర్చుని కుండ బొమ్మకు నీడలు వేస్తూ తలెత్తకుండా అడిగింది. "మామయ్యా, మీ గురించి గ్రూపులో ఏందో అంటన్నారంట. మా అమ్మ ఫోను ఇవ్వట్లా నాకు. ఏందది?"

"నీడ అటు పక్క వెయ్యమ్మా. వెలుతురు ఇటు నుంచి గదా వస్తోంది" అన్నాను.

ఆ పూట పిల్లను తీసుకెళ్లడానికి వాళ్ల నాన్నే వచ్చాడు. మామూలుగా డ్రైవరు వస్తాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి, కుర్చీ చివర కూర్చున్నాడు.

"మాస్టారూ, మీరేం అనుకోవద్దు. మీరు అట్టాంటోరని మేమేం అనట్లా. కాకపోతే చిన్నపిల్లలు వచ్చే చోటు గదా. నలుగురూ నాలుగు రకాలుగా అంటన్నారు."

"ఏమంటున్నారు?"

"ఆ పుస్తకంలో మామయ్య మీరేనంట గదా. బొమ్మ కూడా మీదేనంట."

"బొమ్మ నాదే. మనిషి కథలో మనిషి."

"అదే నేనూ అంటన్నా. అయితే ఇంకేంది మాస్టారూ, ఆ మాటే గ్రూపులో ఒక్క ముక్క పెట్టండి. నేను అట్టాంటోణ్ణి కాదు అని. మీ నోటి మాట వస్తే చాలు, అయిపోద్ది. మా అమ్మాయి మీ కాడికి రాకపోతే అన్నం తిననంటంది."

ఆయన వెళ్లాక ఫోను తీసుకుని కూర్చున్నాను. ఆయన అడిగింది న్యాయమే. పిల్లలున్న ఏ తండ్రైనా అడుగుతాడు. నేను అట్లాంటివాణ్ణి కాదు అని కొట్టాను. చదువుకున్నాను. గురజాల ఇల్లు, రేడియో తీగలు, ఉప్పు పోట్లాటలు, బంతిలో వడ్డించిన సాంబారు, అన్నీ కలిపి కాదు అనాలి. చచ్చిపోయినవాడు లేచి వచ్చి నన్ను నిలదియ్యడు. అయినా పంపించే గుర్తు మీద వేలు పడలేదు. చెరిపేశాను. మళ్లీ కొట్టాను, మళ్లీ చెరిపేశాను. ఇట్లా ఆ మధ్యాహ్నమంతా గడిచింది.

అక్క వచ్చి ఎదురుగా నిలబడింది. "ఏందిరా, చలిజొరం వచ్చినోడిలా ముడుచుకొని కూర్చున్నావు? వాగింది వాడు. వాణ్ణే పిలువు. వచ్చి వాడే దిద్దుకోవాల."

ఈ లోపల నా కోపం కూడా లేచింది. చెప్పదలుచుకున్నవాడు పుస్తకంలో చెప్పాలి. అక్కడ ధైర్యం చెయ్యాలి. పుస్తకం అచ్చై, పిల్లలు చదివి, అట్టలు చిరిగి, తల్లులు జిగురు పెట్టి అతికాక, ఎప్పటికో మైకు ముందు కూర్చుని మామయ్య ఇట్లాంటివాడు అనడం ఏమిటి? ఎవరికి ఉపయోగం? నేను గెడ్డం మొలవని వయసులో, నాలో ఏదో రోగం ఉందని కుమిలిపోతున్న రోజుల్లో, ఒక్క పుస్తకంలో ఒక్క మామయ్య అట్లా ఉండి, సుబ్బరంగా అన్నం తిని, పిల్లల చేత మంచివాడనిపించుకుంటే నా బతుకు ఎట్లా ఉండేదో. అట్లాంటి పిల్లాడు ఇప్పుడూ ఏ గురజాలలోనో ఉంటాడు. వాడికి వీడియో ఏం పనికొస్తుంది? కింద జనం రాసిన బూతులు చదువుకోవడానికి తప్ప.

కబురు పెట్టగానే వాడు వచ్చాడు. ఎప్పటిలాగే మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని వచ్చాడు. మొహంలో ఏ బెరుకూ లేదు. నేను బజ్జీలు ముట్టుకోకుండా అడిగాను.

"రాసేటప్పుడే తెలుసన్నావు. నిజంగా తెలుసా?"

వాడు నవ్వాడు. "నీ దగ్గర దాపరికమేందిరా. అప్పటికప్పుడు నోటికొచ్చింది. ఆ పిల్ల కళ్లింత చేసుకొని అడిగితే, ఏం లేదమ్మా సంబంధం కుదరలా అంటే ఏం బాగుంటది చెప్పు? ఇయ్యాల రేపు రాసేవాళ్లంతా ఇట్టాంటివి చెబుతున్నారు. మనం ఇంకా పాతకాలంలో ఉన్నామనుకోరూ?"

"మరి రేడియో బాబాయి?"

"ఆయన మీ సైన్సు మాస్టారే గదా పాపం. పెళ్లాం పిల్లలున్న మనిషి. ఏదో కథకు కలిపా అంతే. ఒరేయ్, మీ ఇద్దరి గురించి అట్టా అనుకోవడానికి నాకేమన్నా బుద్ధి లేదా?"

బుద్ధి లేదా అన్నాడు. ఇన్ని రోజులూ నేను గుండెల్లో పెట్టుకుని మోసిందంతా ఆ మాటతో నేల మీద పడింది. వాడికేమీ తెలియదు. ఇన్నేళ్లు మా పక్కన పడుకుని, మా పళ్లెంలో చెయ్యి పెట్టి తిని, మమ్మల్ని కథలుగా రాసి కూడా ఏమీ చూడలేదు. అంతకంటే ఘోరం, చూసి ఉంటే బుద్ధి లేనట్టే అనుకుంటున్నాడు.

"అందులో తప్పేముంది అన్నావుగా వీడియోలో" అన్నాను.

"తప్పులేదు. కథలో మనిషికి ఏం తప్పు? నువ్వెట్టా అయితావు? నువ్వు మా ఇంటి మనిషివి." అని నా తొడ మీద చరిచాడు. "నువ్వేం బాధపడమాక. ఎవరెవరు పిల్లల్ని మానిపించారో చెప్పు. ఇంటింటికీ పోయి నేనే చెబుతా. నీకు నాదీ పూచీ."

మా పల్నాడులో పూచీ అంటే ఊరికే అనే మాట కాదు. గట్టు తగాదా అయినా, పెళ్లి సంబంధమైనా, కుర్రాణ్ణి పనిలో పెట్టుకోవడమైనా, నలుగురూ లెక్కచేసే మనిషి ఒకడు లేచి వీడికి నాదీ పూచీ అన్నాడంటే ఇక ఎదుటివాడు ఎక్కువ మాట్లాడడు. మాట్లాడితే ఆ పెద్దమనిషిని అనుమానించినట్టు. రేపు ఏమైనా తేడా వస్తే తలవంపు ఆ పూచీ పడినవాడిది, వాడి ఇంటిది. మా స్నేహితుడికి ఊళ్లో ఆ విలువ ఉంది. ముప్పావు ఊరికి వాడు చదువు చెప్పాడు.

అన్నట్టే చేశాడు. ఎండలో పాత స్కూటరేసుకుని ఒక్కో ఇల్లూ తిరిగాడు. ఏం చెప్పాడో నాకు పిల్లల ద్వారానే తెలిసేది. మావాడు నిప్పులాంటోడు అన్నాడట. ఆ కథ సంగతి నా పైత్యం, దానికీ మావాడికీ సంబంధం లేదు అన్నాడట. ఒక ఇంట్లో సొంత మనవళ్ల మీద ఒట్టు కూడా వేశాడట. ఒక్కో మాటా నాకు చెంపదెబ్బలాగే తగిలింది. నిప్పు అంటే ఏమిటి మరి? గురజాలలో బతికినది ఏమిటి, బూడిదా?

కానీ పిల్లలు వచ్చారు. ముందు పత్తి వ్యాపారి గారమ్మాయి, ఆ వెనక ఇద్దరు కవల పిల్లలు, ఆ వెనక అందరూ. గుమ్మం ముందు మళ్లీ చెప్పులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సంతోషించలేదని రాస్తే అబద్ధం. ఆ ఆదివారం ఒక పిల్లాడు కాకి బొమ్మకు నాలుగు కాళ్లు వేస్తే కూడా తిట్టలేదు.

అక్కడితో ఆగిపోయి ఉంటే నేనూ నోరు మూసుకునే ఉండేవాణ్ణి. వాడు ఆగలేదు. కొన్నాళ్లకు చేతిలో కాయితాలతో వచ్చాడు. మొహం కళకళలాడుతోంది.

"పూర్తిగా సరిచేశాన్రా. కొత్త కథ. మామయ్య పెళ్లి. పిల్ల టీచరమ్మ, ఆమె కూడా రాళ్లు ఏరుతుంటది, అక్కడ కలుస్తారు. రేడియో బాబాయికి హైదరాబాదులో పని దొరికి వెళ్లిపోతాడు. ఇంక ఎవడి నోరూ లేవదు. అట్ట మీద జంట బొమ్మ వెయ్యి. బాసికాలు కట్టుకొని, అక్షింతల్లో, మంచి కళగా ఉండాల."

కాయితాలు తీసుకుని చదివాను. బాగా రాశాడు, వాడి చెయ్యి గొప్పదే. ఆ టీచరమ్మ అంటే నాకే ఇష్టం కలిగింది. ఆఖర్న అన్నం దగ్గర మామయ్యకు ఆమె వడ్డిస్తుంది.

"నేను వెయ్యను" అన్నాను.

"ఏందీ?"

"ఈ బొమ్మ నేను వెయ్యను."

"ఎందుకు వెయ్యవు? నీ కోసమే గదరా నేనింత తంటాలు పడింది. అద్దంలో చూసుకుని వేసే మొహమే గదా. పక్కన ఒక ఆడమనిషిని వెయ్యడానికి ఏమైంది?"

ఏం చెబితే ఊరుకుంటాడో నాకు తెలుసు. కళ్లు కనిపించడం లేదంటే చాలు, చెయ్యి వణుకుతోందంటే చాలు. నా నోట్లోంచి ఆ మాటలు రాలేదు. వాడి ముందు ఇంకొక్క అబద్ధం ఆడడానికి నాకు ఓపిక లేకపోయింది.

"నువ్వు వీడియోలో చెప్పింది నిజమేరా. నీకు తెలియకుండా నిజమే చెప్పావు."

"ఎవరి గురించి?"

"నా గురించి. సైన్సు మాస్టారి గురించి. గురజాల ఇంటి గురించి."

వాడు ముందు నవ్వబోయాడు. నా మొహం చూసి ఆగాడు. ఏమంటాడోనని నేను ఎదురుచూశాను. తిట్టినా సరే అనుకున్నాను. ఆ శనివారాలన్నీ వాడి తలలో ఒక్కొక్కటే వెనక్కి తిరుగుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. చివరికి వాడు అన్న మాట ఇది.

"ఎందుకు చెప్పావురా నాకు?"

నేను కాయితాలు వాడి ముందు పెట్టాను.

"ఇన్ని గడపలు తొక్కా నీ కోసం. మనవళ్ల మీద ఒట్టేశా గదరా. ఇప్పుడు ఎవడన్నా మళ్లీ అడిగితే నేనేం చెప్పాల? ఇన్నేళ్లు కడుపులో పెట్టుకున్నోడివి, నేను పోయిందాకా ఓర్చుకోలేకపోయావా?" ఆ మాట కోపంతో అన్నాడో ఏడుపుతో అన్నాడో నాకు తెలియలేదు.

"అడిగితే ఉన్నది చెప్పు" అన్నాను.

"చెబితే ఒక్క పిల్ల నీ గుమ్మం ఎక్కదు."

"తెలుసు."

వాడు కాయితాలు వరస సరిచేసుకున్నాడు. అక్క టీ తెచ్చింది. మా ఇంట్లో వాడు ఏనాడూ ఒక్క గ్లాసుతో లేచినవాడు కాదు. "ఇప్పుడొద్దులే అక్కయ్యా" అని, ఆమె మొహం చూడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అక్క ఆ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడింది.

"చెప్పేశావా?"

"చెప్పా."

"ఊ" అంది. ఆ టీ తనే తాగేసింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున నేను గుమ్మంలో నిలబడేవాణ్ణి. ఈ వారం ఎవరూ రారేమో, వాడు పూచీ వెనక్కి తీసుకున్నాడేమో అని వీధి చివరిదాకా చూసేవాణ్ణి. పిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారు. ఒక్కరు తగ్గలేదు. వాడే రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. ఇంటికి వెళితే వాళ్లావిడ బయటికెళ్లారండీ అంది, లోపల వాడి దగ్గు వినిపిస్తూనే ఉంది. పెళ్లి కథ అచ్చయిందని విన్నాను. బొమ్మలు వేరే ఎవరితోనో వేయించారట. నేను తెప్పించుకోలేదు.

మళ్లీ వాణ్ణి చూసింది మొన్నీమధ్య, ఒక ప్రైవేటు బడి హాల్లో. పత్తి వ్యాపారి గారమ్మాయికి బొమ్మల పోటీలో బహుమతి వచ్చింది. ఇచ్చే పెద్దమనిషిగా వాణ్ణి పిలిచారు. నేర్పిన మాస్టారిగా నన్ను పిలిచారు. మనిషి బాగా చిక్కిపోయాడు. వేదిక మీద ఇద్దరికీ పక్కపక్కనే కుర్చీలు వేశారు. వాడు మైకు వైపు, నేను పిల్లల వైపు చూస్తూ గడిపాం. అయిపోయి కిందికి దిగుతుంటే పత్తి వ్యాపారి ఇంకొకాయన్ని వెంటబెట్టుకుని మా ఇద్దరి ముందుకూ వచ్చాడు. ఊరికి కొత్త, పిల్లాణ్ణి ఆదివారం పంపాలనుకుంటున్నాడట. ఏదో విన్నాడట, కాస్త అనుమానంగా ఉన్నాడట. మొహమాటం లేకుండా పత్తి వ్యాపారే అనేశాడు. "మీరొకసారి చెప్పండి మాస్టారూ. మీ మాట మీదే గదా మేమంతా పంపేది."

అడిగింది నన్ను కాదు, వాణ్ణి. వాడు గొంతు సవరించుకున్నాడు. అలవాటుగా నా భుజం మీద వెయ్యబోయిన చెయ్యి, భుజం దాకా రాకుండా మధ్యలోనే ఆగి కిందికి పోయింది.

"మావాడు అట్టాంటోడు కాదు బాబూ. నాదీ పూచీ" అన్నాడు. ఆ కొత్తాయన కళ్లల్లోకి సూటిగా చూస్తూ అన్నాడు. నా వైపు చూడలేదు.

నిజం తెలిశాక కూడా వాడు పదేపదే అబద్ధం ఆడుతూ వచ్చాడని నాకు అప్పుడు తెలిసింది. నా మొహం చూడలేని మనిషి నా కోసం అంతా చేస్తూనే ఉన్నాడు. వాడి మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో పోయింది, ఏడుపొచ్చింది.

ఆ కొత్తాయన నా వైపు తిరిగాడు. నెమ్మదస్తుడే, ఇబ్బంది పడుతూనే అడిగాడు. "అంతేగా మాస్టారూ?"

ఇంతవరకు ఈ మాట నా మొహం మీద ఎవరూ అడగలేదు. నా పక్కన నిలబడ్డవాడి ఊపిరి వినిపించడం మానేసింది. నేను ఉన్నది చెబితే వాడి నోటి మాట, వాడి మనవళ్ల మీద ఒట్టు, ఊళ్లో వాడి తల, అన్నీ అక్కడే ఆ హాల్లోనే పడిపోతాయి. వెనకాల పిల్లలు బహుమతి గిన్నెను ఒకరి చేతుల్లోంచి ఒకరు లాక్కుని చూసుకుంటున్నారు.

"అంతే బాబూ" అన్నాను. "ఆదివారం పొద్దున పంపించండి. పెన్సిళ్లవీ నేనే ఇస్తాను."